ముడత పైకా, కిందికా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు అరవై ఒకటి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసినప్పుడు ఆవిడ మేడ మీది కుండీలన్నీ పోయాయి. "కైలాసగిరి వైపు చూస్తే కొండంతా గోధుమ రంగు, మా మేడ ఎక్కితే బోడి గచ్చు" అని రాశారు. ఆ నెలాఖరున, మేడ మీద మొక్కలు పెంచే అలవాటున్న 14 మంది ఒకచోట కలిసి, ఎవరి దగ్గర మిగిలిన విత్తనాలు వాళ్లు పంచుకున్నారు. ఆవిడకు మొదటి గింజలిచ్చింది సీతమ్మధారలో ఉండే ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు. పాత శుభలేఖ కవర్లో పది గింజలు, కవరు మీద ఇంకుపెన్నుతో "పొడుగు బీర, ఇంటి విత్తనం" అని. నిజానికి అవి ఆయన మేడ మీద కాసినవి కావు. ఆయన తోట కూడా తుపానులో పోయింది. అంతకుముందు ఏడాది భీమిలిలో ఎవరో కొత్తావిడ అడిగితే ఇచ్చిన విత్తనం, ఆవిడ ఇంట్లో కాసి, డబ్బాలో మిగిలి, మళ్లీ ఆయన చేతికొచ్చింది.

ఆ 14 మందే తర్వాత వాట్సాప్ గ్రూపు అయ్యారు. ఇప్పుడు 600 దాటారు. రెండు నెలలకోసారి ఆదివారం ఎవరో ఒకరి మేడ మీద కలుస్తారు, నారు, విత్తనాలు మార్చుకుంటారు. ఆవిడ అడ్మిన్. మాస్టారుకి ఇప్పుడు 74 ఏళ్లు. గ్రూపులో ఆయన మాటకు తిరుగులేదు.

పోయిన నెల పెందుర్తి నుంచి ఒక అబ్బాయి చేరాడు. చేరిన మర్నాడు, బీ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక రాత్రి పదకొండు నలభైకి మెసేజ్ పెట్టాడు: "మా మిర్సి మొక్కలకి ఆకులు ముడుసుకుపోతన్నాయండి. ఏటి సెయ్యాలి?" మూడు ఫొటోలు, రెండు మసక. పొద్దున ఐదున్నరకు మాస్టారు జవాబిచ్చారు: "ఈ ప్రశ్నకు ఇక్కడ వంద సార్లు సమాధానం చెప్పాను. అడిగే ముందు వెనక్కి వెళ్లి చదువుకునే ఓపిక లేనివాళ్లకు మొక్కలెందుకు?" దానికి ముప్పై ఎనిమిది బొటనవేళ్లు. ఆ వెనకే ఇంకొకాయన "ఏటి సెయ్యాలా? వేపనూనె రాసుకోవాల" అని పగలబడి నవ్వే బొమ్మ పెట్టారు. తొమ్మిదింటికి మన ఉత్తరం రాసినావిడ, అడ్మిన్ హోదాలో, "కొత్త సభ్యులు దయచేసి గ్రూపు నియమాలు పాటించగలరు" అని దండం బొమ్మతో పెట్టారు. పదింటికల్లా అబ్బాయి లెఫ్ట్.

వారం తర్వాత రైతు బజార్లో కనిపించిన ఒకావిడ అసలు సంగతి చెప్పింది. మొక్కలు అబ్బాయివి కావు, వాళ్లమ్మవి. ఊళ్లో మడి వదిలేసి కొడుకు దగ్గరికొచ్చి, మేడ మీద నాలుగు గ్రో బ్యాగుల్లో మిర్చి వేసుకుంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కొడుకు టైపు చేశాడు.

ఇప్పుడు గ్రూపు రెండు ముక్కలైంది. పాతవాళ్లు ముప్పై మంది తమకు వేరే గ్రూపు కావాలంటున్నారు. కుర్రకారు మాస్టారు అందరి ముందూ సారీ చెప్పాలంటున్నారు. మాస్టారు ఇరవై రోజులుగా ఒక్క మాట రాయలేదు. "ఆయనకు చెప్పేంత వయసు నాది కాదు. కొత్తవాళ్లను రావద్దనే మనసు లేదు. నిజం చెప్పాలంటే నాకూ విసుగే. ఫోన్ మోగితే టెన్షన్. అడ్మిన్‌గా తప్పుకోనా, గ్రూపును రెండు చేయనా, కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేయనా?" అని అడుగుతున్నారు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే మాస్టారి మాటల్లో ఒకచోట ఆగిపోయాను. "వెనక్కి వెళ్లి చదువుకో." ఎక్కడికి వెళ్తాడండీ? వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకు, చేరకముందు నడిచిన మాటలు మామూలుగా కనిపించవు. మాస్టారి ఫోన్లో పదేళ్ల ఆకుముడత చరిత్ర ఉంది. ఆ అబ్బాయి ఫోన్లో ఉన్నది ఒక్క రోజు. మీరే రాశారు కదా ఆ రోజు గ్రూపులో ఏమొచ్చాయో: ఎవరో పెట్టిన సింహాచలం సంపెంగల ఫొటో, మూడు గుడ్ మార్నింగులు, కొబ్బరి పొట్టు ఇటుకలు అమ్ముతామని ఒక ప్రకటన. అందులో మిర్చి ఊసు లేదు. అతనికి ఓపిక లేదని ముప్పై ఎనిమిది మంది వేలెత్తి ఒప్పుకున్నారు గానీ, ఆ ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికీ అతని ఫోన్లో ఏం కనిపిస్తోందో తట్టలేదు. మీకూ తట్టలేదు. నాకు మాత్రం తట్టేదా అంటే, ఆ పొద్దున పూట, అంత మంది మధ్య, అనుమానమే.

ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఈ పని చేశాను. ఈమెయిల్ గుంపుల రోజుల్లో, తెలుగువాళ్ల గుంపొకటిలో నేను కాస్త సీనియర్ని. కొత్తగా వచ్చినాయన ఉత్తరాలన్నీ పెద్ద బడి అక్షరాల (క్యాపిటల్స్) ఇంగ్లీషులో రాస్తుంటే, నెట్‌లో అది అరుపు కింద లెక్క కాబట్టి, "అరవకండి" అని అందరి ముందూ చురక వేశాను. ఆయన కీబోర్డులో ఆ పెద్ద అక్షరాల మీట ఇరుక్కుపోయిందని తర్వాత తెలిసింది. ఆయన మళ్లీ రాయలేదు. ఆ వారమంతా నా చురక బావుందని నాకు నలుగురు విడిగా రాశారు, అది మాత్రం బాగా గుర్తుంది.

ఇంటర్నెట్ మర్యాదల మీద 1995లో ఒక పత్రం వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 1855 అని. గుంపులో చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు ఊరికే చదివి, ఆ తర్వాతే నోరు విప్పాలని అందులో ఉంది. మాస్టారి వాదం కొత్తదేం కాదన్నమాట, పాతికేళ్ల పైబడిన పెద్దల మాటే. తీరిగ్గా కబుర్లు నడిచే చోట అది మంచి సలహా కూడా. కానీ ఆకుముడత వచ్చిన మిర్చి మొక్క రెండు నెలలు ఆగదు. అదే పత్రంలో ఇంకో రెండు మాటలున్నాయి, అవి ఎవరికీ గుర్తుండవు. కోపమొస్తే రాత్రి గడిచాక జవాబివ్వమన్నది ఒకటి. ఒక మనిషితో పేచీ వస్తే గుంపులో కాకుండా వాళ్లిద్దరూ విడిగా తేల్చుకోమన్నది రెండోది.

మాస్టారిని గర్విష్ఠి అనుకోకండి. కుర్రవాళ్లు అనుకుంటున్నట్టున్నారు. వంద సార్లు చెప్పానన్నది ఉక్రోషం కాదు, లెక్క. అయితే ఆయన్ని అలసగొట్టింది వంద సార్లు చెప్పడం కాదేమోనని నా అనుమానం. ఆ వంద మందిలో ఎందరు తిరిగొచ్చి "వేపనూనె కొట్టాను మాస్టారూ, చిగురు వేసింది" అనో, "కొట్టినా చచ్చిపోయింది" అనో చెప్పారు? మీ ఉత్తరంలోనే ఉంది: "జవాబు తీసుకుని మాయమైపోతారు." గింజల్ని కవర్లో పెట్టి పేరు రాసి ఇచ్చే మనిషికి, ఇచ్చింది మొలిచిందో లేదో తెలియకపోవడమే పెద్ద బాధ. కొత్తవాళ్లవైపు తప్పు ఏదైనా ఉంటే అది ఇది. అడిగిందే అడగడం తప్పు కాదు, అడిగి మళ్లీ కనిపించకపోవడం తప్పు. కాబట్టి మీరు పెట్టే నియమాల్లో ఒక్కటే ఉంచమంటే నేను ఇది ఉంచుతాను: సలహా తీసుకున్నవాళ్లు పది రోజులకు అదే మొక్క ఫొటో మళ్లీ పెట్టాలి, బతికినా, చచ్చినా.

ఇక జవాబులు ఎవరివ్వాలి అన్నది. మీ గ్రూపులో అసలు తిరకాసు ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. మొదటి ప్రశ్నకు మీ అందరికంటే పెద్దాయన జవాబివ్వడం ఏమిటి? పోయిన ఏడాది మొదటిసారి మిర్చి వేసి, ముడతతో తలపట్టుకుని, ఎలాగో గట్టెక్కినవాళ్లు మీలో ఒక ఇరవై మందైనా ఉంటారు. తనకు ఏం తెలియలేదో వాళ్లకింకా గుర్తుంటుంది. మాస్టారు మర్చిపోయి ఎన్నేళ్లయిందో. ఆయన "తామర పురుగు" అంటే అవతలివాళ్లకు గజ్జి, తామర గుర్తొస్తాయి, ఆ సంగతి ఆయనకు తట్టదు. రెండో ఏడు తోటావిడ అయితే "ఆకు తిప్పి చూడండి, సన్నగా పాకేవి కనిపిస్తాయి" అంటుంది.

ఆ అబ్బాయి ప్రశ్ననే తీసుకోండి. దానికి ఒక్క ఎదురు ప్రశ్న చాలు: ముడత పైకా, కిందికా? ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటే అది తామర పురుగుల పని. కిందికి, పడవ బోర్లించినట్టు ముడుచుకుని, కాడ సాగితే నల్లి, మంచాల్లో ఉండేది కాదు, మొక్కల నల్లి. నల్లికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు. పై ముడతకైతే మేడ మీద తోటకు మనవాళ్లు మొదట పట్టుకునేది వేపనూనె, లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, చిటికెడు సబ్బు కలిపి, ఎండ దిగాక. ఇవన్నీ మీకు తెలుసు, నేను మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. నేననేది, ఆ ఒక్క ప్రశ్నలో చదువూ ఉంది, మర్యాదా ఉంది. ఆ ప్రశ్న అడిగితే అబ్బాయి పొద్దున్నే మేడెక్కి ఆకు తిప్పి చూసేవాడు. వాళ్లమ్మా పక్కన నిలబడేది.

ఇలా రెండో ఏడువాళ్లకు అప్పగిస్తే ఇబ్బందులు రావని కాదు. తప్పు సలహాలు వస్తాయి. మిట్టమధ్యాహ్నం వేపనూనె కొట్టమంటారు ఎవరో, ఆకులు మాడతాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి అంచులు కాలితే తెగులనుకుని మందు చెబుతారు. అప్పుడు మాస్టారు రావాలి. అంటే ఆయన మొదటి జవాబు మనిషి కాకుండా, ఆఖరి మాట మనిషి అవుతారు. రోజుకు ఇరవై సార్లు కాకుండా వారానికి రెండు సార్లు. ఆయన స్థాయికీ అదే తగింది, ఓపికకూ అదే తగింది. ఇరవై మందిని ఎంచి, వారానికి ముగ్గురు చొప్పున వంతులు వేయండి. వంతులు నాలుగు వారాలు బాగా నడుస్తాయి, ఐదో వారం ఎవరో పెళ్లికి వెళ్తారు. అదీ ముందే అనుకోండి.

వేరే గ్రూపు సంగతి. చేయొచ్చు, పాపమేం కాదు. కానీ ఏమవుతుందో చూడండి. సీనియర్ల గ్రూపులో అడిగేవాళ్లుండరు, అందరూ తెలిసినవాళ్లే. మూడు నెలలకు అది గుడ్ మార్నింగులకీ ఆరోగ్య చిట్కాలకీ దిగుతుంది, ఇలాంటివి నేను రెండు మూడు చూశాను. కొత్తవాళ్ల గ్రూపులో గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపిస్తాడు. ఆదివారం కలయికలు ఎవరివో తేలదు, నారు ట్రేలు ఎవరింట్లో ఉన్నాయో వాళ్ల గ్రూపు గెలుస్తుంది. అయినా పాతవాళ్లు పట్టుబడితే, విడిపోవడం కాకుండా పక్కన ఒక చిన్న గది కట్టుకోమనండి: విత్తనాల లెక్కలకూ, ఆదివారం ఏర్పాట్లకూ. ప్రశ్నలు మాత్రం పెద్ద హాల్లోనే ఉండాలి.

కొత్తవాళ్లను ఆపేస్తే ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. కానీ మొదటి 14 మందిలో ఇప్పటికీ మేడ మీద తోట ఉన్నది ఐదుగురికే అని మీరే రాశారు. ఒకరికి మోకాళ్లు, ఒకరు పిల్లల దగ్గరికి అమెరికా, ఇంకొకరి మేడ మీద సెల్ టవర్. తలుపు మూస్తే ఇంకో పదేళ్లకు ఆ కవర్లోని బీర ఎవరింట్లో ఉంటుంది? మాస్టారి విత్తనం బతికింది ఆయన జాగ్రత్త వల్ల కాదు, భీమిలావిడ అడిగింది కాబట్టి, ఆయన కాదనలేదు కాబట్టి. ఆవిడా ఆ రోజు కొత్తావిడే.

మీ మెసేజ్ గురించి కూడా చెప్పాలి, ఏమనుకోకండి. "నియమాలు పాటించగలరు" అన్నారు. ఏ నియమాలు? 2017లో ఒక పీడీఎఫ్ చేశామని, ఇప్పుడది ఎవరి దగ్గరుందో తెలియదని ఉత్తరంలో మీరే నవ్వుకున్నారు. అప్పటికే రెండు దెబ్బలు తిన్న మనిషికి మీది మూడోది. దండం బొమ్మ ఉన్నంత మాత్రాన దెబ్బ మెత్తబడదు. అడ్మిన్ ఇద్దరి మధ్య నిలబడాలనుకుంటుంది, తెలుసు. కానీ 600 మంది చూస్తుండగా మధ్యలో ఒక నీతివాక్యం పెడితే, అది ఎప్పుడూ బలహీనుడి మీదకే వాలుతుంది.

కొత్తగా నియమాలు రాస్తే పది వాక్యాలు దాటనివ్వకండి. ఫొటోలు మూడు కావాలి, ఆకు పైభాగం, అడుగుభాగం, మొక్క మొత్తం. నాటి ఎన్ని రోజులైంది, ఎండ ఎంతసేపు, ఇప్పటిదాకా ఏం కొట్టారు. ఏ యాసలో రాసినా సరే, నోటితో చెప్పి పంపినా సరే. అమ్మకాలు, ఫార్వర్డులు వద్దు, ఇందులో మొహమాటం లేదు, కొబ్బరి పొట్టు ఇటుకలాయనకి రెండోసారి చెప్పి మూడోసారి తీసేయండి. దీన్ని పైన పిన్ చేయండి. వాట్సాప్‌లో పిన్ 30 రోజులకు మించి నిలవదు, నెలనెలా మళ్లీ పెట్టాలి. పెట్టినప్పుడల్లా అందులో ఆ నెల తెగులు ఒకటి చేర్చారంటే చదవడానికి కారణం ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం ఎవరో ఒకరు విడిగా పంపాలి, పేరు పెట్టి.

ఆ యాస బొమ్మ సంగతి వేరు. మిగతా వాటిలో ఇటో అటో అన్నాను గానీ, ఇక్కడ నేను వంగను. మాస్టారిది అలసట, అర్థం చేసుకోవచ్చు. ఆ నవ్వే బొమ్మ పెట్టినాయనది వెక్కిరింత. పైగా ఎక్కడ? విశాఖలో. "ఏటి" అన్నవాళ్లు ఈ ఊరికి కొత్తవాళ్లు కారు, మనలో సగం మంది కంటే పాతవాళ్లు. మీరు ఆయనకు ఫోన్ చేయండి, గ్రూపులో రాయొద్దు. ఆ మాట అబ్బాయిది కాదు, మడి చేసిన పెద్దావిడదని మాత్రం చెప్పండి. మనిషైతే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు. అలా కాకుండా వాదిస్తే, ఇంకోసారి ఇలాంటిది కనిపిస్తే తీసేస్తానని, ఆ తర్వాత ఆయన్నీ తీసేస్తానని చెప్పండి. కొంతమందికి కోపం వస్తుంది. రానివ్వండి.

మాస్టారింటికి ఫోన్ కాదు, వెళ్లండి. సారీ చెప్పించే పని పెట్టుకోకండి. 74 ఏళ్ల మనిషి 600 మంది ముందు సారీ చెప్పరు, ఒకవేళ చెప్పినా అది పిల్లలు చెప్పించుకున్న సారీ అవుతుంది, దాని రుచి గ్రూపంతా చాలాకాలం ఉంటుంది. కుర్రవాళ్లకు ఈ మాట మీరే చెప్పాలి. మాస్టారి దగ్గర మాత్రం ఒక పని చేయండి. ఈ వారం కొత్తగా చేరినవాళ్లెవరైనా మీ దగ్గర్లో ఉంటే, వాళ్లని గ్రూపు తెరిచి పైకి జరిపి ఫొటో తీసి పంపమనండి. అది మాస్టారికి చూపించండి. వెనక్కి వెళ్తే ఏముందో ఆయన కళ్లతో చూస్తారు. సైన్సు మాస్టారు కదా, చూసినదాన్ని కాదనరు. ఆ తర్వాత ఆఖరి మాట మనిషిగా ఉండమని అడగండి. ఒప్పుకోవచ్చు. మౌనంగా కాఫీ తాగి, "ఇక నా వల్ల కాదమ్మా" అనొచ్చు కూడా. అలా అంటే బతిమాలకండి, ఆదివారాలకు రమ్మనండి. ఫోన్లో ఇమడని మనుషులు కొందరు మేడ మీద బాగా ఇముడుతారు.

మీరు తప్పుకోవడం గురించి. తప్పుకోవచ్చు, మీ హక్కు. కానీ ఈ నెలలో తప్పుకుంటే మీరు ఎవరి పక్షాన అలిగారా అని రెండు వర్గాలూ లెక్కలేస్తాయి. ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా చేర్చండి, ఒకరు పాతవాళ్లలోంచి, ఒకరు ముప్పై లోపు వయసువాళ్లు. నోటిఫికేషన్లు ఆపేయండి. రోజుకు రెండుసార్లు చూస్తే చాలు, మిర్చి మొక్కకు అంతకంటే అత్యవసరం ఉండదు. సంక్రాంతి దాటాక అప్పటికీ టెన్షన్‌గానే ఉంటే అప్పుడు దిగండి.

వీటన్నిటికంటే ముందు పెందుర్తికి ఒక ఫోన్ చేయాలి. రైతు బజారావిడ దగ్గర నంబరు దొరుకుతుందన్నారు కదా. అబ్బాయిని అడక్కుండా మళ్లీ గ్రూపులో చేర్చేయకండి. క్షమాపణ పొడుగ్గా చెప్పకండి, అతను షిఫ్టుకి వెళ్లే తొందరలో ఉండొచ్చు. ఫోన్ వాళ్లమ్మకు ఇవ్వమనండి. ఈపాటికి ఆ మొక్కలు తేరుకున్నాయో, పీకేసిందో. పీకేసి ఉంటే నాలుగు నారు మొక్కలు పట్టుకుని ఏదో ఒక ఆదివారం మీరే వెళ్లి రండి, మాస్టారు వస్తానంటే ఆయన్నీ తీసుకెళ్లండి. ఇంకా ఉంటే మాత్రం, కుశల ప్రశ్నలయ్యాక మొదట అడగాల్సింది తెలుసు కదా: ముడత పైకా అండీ, కిందికా?